టవర్‌ని తరిమేసి, ఫోన్‌ని దిండు కింద పెట్టుకుంటున్నాం

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంత తరంగాలు అని ఒక చాప్టర్ ఉంది. సెల్ టవర్ పంపేవీ ఆ తరంగాలే. పబ్లిక్ పరీక్షలో దానికి వచ్చేది ఒక్క రెండు మార్కుల ప్రశ్న. మైక్రోవేవ్‌ల ఉపయోగాలు రెండు రాయుము, పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాల ఉపయోగాలు రెండు రాయుము, అంతే. పిల్లలు ఆ నాలుగు ముక్కలూ బట్టీ పట్టి తర్వాతి చాప్టర్‌కి పోతారు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ కాలేజీలో చూసినా ఇదే వరస. ఈ పాఠం చాలాకాలంగా చెబుతున్నదాన్ని కాబట్టి దీని ఫలితం ఎక్కడ తేలుతుందో చూస్తూనే ఉన్నాను. అదే పిల్లలు పెద్దవాళ్లై, ఫ్లాట్లు కొనుక్కుని, అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడి, మేడ మీద సెల్ టవర్ పెడితే పిల్లలకు క్యాన్సర్ వస్తుందని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. బిడ్డ గురించి ఎవరికుండదు భయం? కాకపోతే దాన్ని పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోలేదు. అలా పక్కదారి పట్టిన భయం మనల్ని అసలు జాగ్రత్తపడాల్సిన దగ్గర నిశ్చింతగా కూర్చోబెడుతుంది.

మా నాన్నగారి తరానికి ఈ పాఠం రేడియోనే నేర్పింది. పాత రేడియో అద్దం మీద 25 మీటర్లు, 31 మీటర్లు, 41 మీటర్లు అని గీతలుండేవి. ఆకాశవాణి అనౌన్సర్లు ప్రసారం మొదలుపెట్టేటప్పుడు ఇన్ని మీటర్లు, అనగా ఇన్ని కిలోహెర్ట్జ్ అని రెండూ చదివేవారు. హైదరాబాద్ ఏ కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 7 లక్షల 38 వేల అలలు. ఒక్కో అల పొడవు దాదాపు 406 మీటర్లు. రెండూ గుణించండి, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వస్తుంది. అది కాంతి వేగం. ఇప్పుడు ఎఫ్ఎంలో వివిధ భారతికి రండి: 102.8 మెగాహెర్ట్జ్ (మెగా అంటే పది లక్షలు), అల పొడవు మూడు మీటర్లకు కాస్త తక్కువ. గుణిస్తే మళ్లీ అదే 3 లక్షలు. ఇంట్లో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ (గిగా అంటే వంద కోట్లు), అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. మళ్లీ అదే. ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు వచ్చే అలల లెక్క, పెరిగిన కొద్దీ అల పొట్టిదవుతుంది, లబ్ధం మాత్రం మారదు. రేడియో, మైక్రోవేవ్, పరారుణం, కంటికి కనిపించే వెలుగు, అతినీలలోహితం (అల్ట్రావయొలెట్), ఎక్స్‌రే, గామా అన్నీ ఒకే వంశం. ఒకదానికొకటి తేడా ఈ ఫ్రీక్వెన్సీ ఒక్కటే.

మ్యాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త 1865లో విద్యుత్తుకీ అయస్కాంతానికీ కలిపి సమీకరణాలు రాస్తే, వాటిలోంచి ఒక తరంగం బయటపడింది. దాని వేగం లెక్కకడితే అప్పటికే కొలిచిపెట్టిన కాంతి వేగంతో సరిపోయింది. కాంతి కూడా ఈ కుటుంబమేనని ఆయన అప్పుడే తేల్చాడు. ఈ ఒక్క సంగతి చెప్పడానికి నేను క్లాసులో ఒక పూర్తి గంట తీసుకుంటాను, సిలబస్ వెనకబడినా సరే. ఇరవై ఏళ్లు పోయాక హెర్ట్జ్ అనే ఇంకో శాస్త్రవేత్త నిప్పురవ్వలు పుట్టించి, గదిలో ఆ చివరన ఉన్న తీగ చుట్టలో వాటి జాడ పట్టి, ఆ తరంగాలు నిజంగానే ఉన్నాయని చూపించాడు. వాన ముందు మెరుపు మెరిస్తే మీడియం వేవ్ రేడియో గరగరమంటుంది కదా, అదీ అదే ప్రయోగం. 1895లో జగదీశ్ చంద్ర బోస్ కలకత్తా టౌన్ హాల్లో మిల్లీమీటర్ల పొడవున్న అలల్ని గోడల గుండా పంపి అవతల గంట మోగించాడు, తుపాకి మందు పేల్చాడు. 5జీ కోసం 2022లో మన దగ్గర వేలం వేసిన బ్యాండ్లలో అన్నిటికన్నా పైది 26 గిగాహెర్ట్జ్, అల పొడవు సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. బోస్ అంతకన్నా పొట్టి అలలతో 130 ఏళ్ల కిందటే పనిచేశాడు. 5జీ అంటే మనిషి ఎరగని కొత్త కిరణమేదో దిగిందనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మన ఊళ్లో ఎక్కువగా నడుస్తున్న 5జీ అయితే 3.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే ఉంది, అంటే మన వైఫై వాడే 2.4కీ 5కీ మధ్యన. 2021లో కరోనా రెండో వేవ్ 5జీ వల్లే వచ్చిందని వాట్సాప్‌లో తిరిగినప్పుడు దేశంలో ఎక్కడా 5జీ సేవలే లేవు. అవి మొదలైంది 2022 అక్టోబర్ 1న.

ఈ అలలకు గాలి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, ఏ ఆధారమూ అక్కర్లేదు. ఒక విద్యుత్ క్షేత్రం, దానికి అడ్డంగా ఒక అయస్కాంత క్షేత్రం, ఒకదాన్నొకటి పుట్టించుకుంటూ శూన్యంలో పోతాయి. మన డాబాల మీద డీటీహెచ్ గొడుగులన్నీ దక్షిణానికో, ఆగ్నేయానికో తిరిగి ఉండటం చూసే ఉంటారు. వాటికి ఎదురుగా భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలున్నాయి. అక్కణ్నుంచి సిగ్నల్ మనకు చేరడానికి సెకనులో ఎనిమిదో వంతు కూడా పట్టదు. ఆ అల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కుండపోత కురిస్తే చినుకులు దాన్ని పీల్చేసి, చెదరగొట్టేస్తాయి, సరిగ్గా మ్యాచ్ చివరి ఓవర్లో టీవీ నీలంగా మారుతుంది. బేగంపేట వాతావరణ కేంద్రం డాప్లర్ రాడార్ అల పది సెంటీమీటర్లు. అది వానలోంచి దూసుకుపోగలదు, చినుకులకు తగిలి వెనక్కీ రాగలదు. జూన్‌లో సాయంత్రం సిటీ మీదికి మబ్బు ఎటునుంచి వస్తోందో మన ఫోన్‌లో చూస్తున్నామంటే ఆ పది సెంటీమీటర్ల పుణ్యమే. ఏ పనికి ఎంత పొడవు అల కావాలో ఎంచుకోవడంలోనే ఈ విద్యంతా ఉంది.

పిల్లలకు నేను ఎప్పుడూ చేయించే ప్రయోగం ఒకటి ఉంది. టీవీ రిమోట్ తీసుకుని దాని మూతి దగ్గరున్న చిన్న బల్బుని మామూలుగా చూస్తూ బటన్ నొక్కండి. ఏమీ కనిపించదు. అదే ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి దాని ముందు పెట్టి నొక్కండి. ఊదారంగు కలిసిన తెల్లటి వెలుగు టపటపా కొట్టుకుంటుంది. ఆ అల పొడవు 940 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు), మన కన్ను 700 చిల్లర దగ్గరే ఆగిపోతుంది, కెమెరా సెన్సర్ ఆగదు. మొదటిసారి చూసినప్పుడు పిల్లలు అరుస్తారు. ఇంట్లో ఇన్నేళ్లుగా ఇది వెలుగుతోందా అని.

రెండోది ఔటర్ రింగ్ రోడ్ టోల్ దగ్గర. కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ స్టిక్కర్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే మధ్యలో ఆవగింజంత చిప్పు, దానికి రెండు పక్కలా మెలికలు తిరిగిన పల్చటి లోహపు రేకు కనిపిస్తాయి. అందులో బ్యాటరీ లేదు. టోల్ గేటు మీదున్న రీడర్ 865 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాన్ని పంపుతుంది. ఆ మెలికల రేకు దాన్ని పట్టుకుంటుంది, అందులో దొరికిన పిసరంత కరెంటుతోనే చిప్పు లేచి, తన నంబర్ ప్రకారం ఆ తరంగాన్ని ఎక్కువ తక్కువలుగా తిప్పికొడుతుంది. మనం లేన్‌లో ఆగిన ఆ రెండు సెకన్లలో అదంతా అయిపోయి బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. ఈ 865 మన సెల్ టవర్లు వాడే 900కి పక్కింటి ఫ్రీక్వెన్సీ. టోల్ గేటు కింద నుంచి పోతూ ఎవరూ తల దాచుకోరు.

ఇప్పుడు అసలు తగాదాకి వద్దాం. రేడియేషన్ ఒంటికి హాని చేస్తుందా అని అడిగేవాళ్లు రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఫ్రీక్వెన్సీ ఎంత? మోతాదు ఎంత?

ఫ్రీక్వెన్సీ ఎందుకంటే, ఈ తరంగం శక్తిని ధారలా కలిపి ఇవ్వదు, విడివిడి పొట్లాలుగా ఇస్తుంది. ఆ పొట్లం పేరు ఫోటాన్. కాంతి విద్యుత్ ఫలితాన్ని, అంటే వెలుగు పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఊడిరావడాన్ని వివరిస్తూ 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. ఒక్కో పొట్లంలో ఎంత శక్తి ఉంటుందన్నది ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడుతుంది. చెట్టు మీది మామిడికాయను దూది ఉండలతో కొట్టారనుకోండి. లక్ష ఉండలు విసిరినా తొడిమ తెగదు. గట్టి రాయి ఒక్కటి చాలు. మన డీఎన్ఏలో పరమాణువుల్ని పట్టి ఉంచే బంధాలకు ఆ తొడిమలాగే ఒక గట్టిదనం ఉంది. అతినీలలోహితం ఫోటాన్ దాన్ని దెబ్బతీయగలదు. ఎక్స్‌రే, గామా ఫోటాన్లు ఎలక్ట్రాన్లనే పెరికివేయగలవు. 2 గిగాహెర్ట్జ్ మొబైల్ ఫోటాన్ సంగతి? మన బెడ్‌రూమ్‌లో వెలిగే ఎర్ర బెడ్‌లైట్ ఫోటాన్‌లో దానికి రెండు లక్షల రెట్లకు పైగా శక్తి ఉంటుంది. ఆ ఎర్ర వెలుగే డీఎన్ఏని ఏమీ చేయలేదు.

అంటే మొబైల్ తరంగం పూర్తిగా ఏమీ చేయదా? వేడి చేస్తుంది. మోతాదు ప్రశ్న ఇక్కడ వస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర వందల వాట్లు ఒక చిన్న ఇనుప డబ్బాలో బంధించి కూరలో ఉన్న నీటి అణువుల్ని ఊపి వేడెక్కిస్తుంది. వైఫై కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీ, కానీ అది పంపేది వాటులో పదో వంతు, అదీ ఇల్లంతా పరుచుకుంటూ. ఓవెన్ తలుపుకున్న జాలీని దగ్గరగా చూడండి. కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. పన్నెండు సెంటీమీటర్ల అల వాటిలోంచి రాలేదు. మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా చిన్నదైన వెలుగు అల సులువుగా వస్తుంది, అందుకే లోపల తిరుగుతున్న గిన్నె మనకు కనబడుతుంది. ఓవెన్‌లో వేడి చేసిన అన్నం రేడియోధార్మికం అవుతుందని మా బంధువుల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ముట్టరు. అందులో జరిగేది వేడెక్కడం ఒక్కటే. స్విచ్ ఆపేశాక లోపల ఏ కిరణమూ మిగలదు.

టవర్లకు సంబంధించి మన ప్రభుత్వం 2012లో అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు కుదించింది. 900 మెగాహెర్ట్జ్‌కి అది చదరపు మీటరుకు 0.45 వాట్లు. పోలికకు, మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు మోపుతుంది. పైగా దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది. టవర్ యాంటెన్నా తన కిరణాన్ని అడ్డంగా, దూరానికి విసురుతుంది, సూటిగా కిందికి కాదు. అందువల్ల టవర్ ఉన్న బిల్డింగ్ టాప్ ఫ్లోర్‌లో మోతాదు జనం అనుకునేంత ఉండదు. మధ్యలో కాంక్రీటు శ్లాబు కూడా ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాల్ని 2బీ జాబితాలో చేర్చింది, మరి దానికేమంటావని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్న. దాటేయకూడదు. 2బీ అంటే కారకం కావచ్చేమో, ఆధారాలు పరిమితం అని. కలబంద ఆకు మొత్తాన్ని పిండి తీసిన సారం కూడా అదే జాబితాలో ఉంది. అతినీలలోహితం, పొగాకు మాత్రం మొదటి జాబితాలో ఉన్నాయి, అంటే సందేహం లేనివి. ఇంకో ముఖ్యమైన విషయం జనానికి చేరలేదు. ఆ 2బీకి ప్రధాన ఆధారం తలకు ఆనించుకుని ఎక్కువసేపు ఫోన్ మాట్లాడేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలు. టవర్ పక్కన నివసించేవాళ్ల విషయంలో ఆధారాలు చాలవని అదే సంస్థ చెప్పింది. అంటే అనుమానం ఏదైనా మిగిలి ఉంటే అది చెవి దగ్గరున్న ఫోన్ మీద ఉంది.

అందుకే టవర్ని తరిమేయడం నాకు బాధగా ఉంటుంది. ఫోన్ తన గొంతు ఎంత పెంచాలో టవర్ ఎంత దూరంలో ఉందో చూసుకుని నిర్ణయించుకుంటుంది. 4జీ ఫోన్ గరిష్ఠంగా వాటులో అయిదో వంతు పంపగలదు. టవర్ దగ్గరుంటే దాన్ని కొన్ని వందల రెట్లు తగ్గించుకుంటుంది. సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతే గరిష్ఠానికి ఎక్కుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగిపోతుంది. లిఫ్టులో, సెల్లార్ పార్కింగులో, హైటెక్ సిటీలో లోహపు పూత పూసిన అద్దాల బిల్డింగుల్లో జరిగేది ఇదే. కాలనీలో టవర్ వద్దని గెలిచినవాళ్లు ఆ రాత్రి నుంచి తమ పిల్లల చెవి దగ్గర ఫోన్‌ని గట్టిగా అరిచేలా చేశారు. ఆ ఫోన్ దూరం యాభై మీటర్లు కాదు, ఒక సెంటీమీటరు.

టవర్ వద్దనడానికి వేరే కారణాలు ఉండొచ్చు, అవి బలమైనవి కూడా. పాత బిల్డింగ్ శ్లాబు ఆ బరువు ఆపగలదా? బోల్టులు దింపిన చోట వానాకాలం నీళ్లు కారితే ఎవరు బాగుచేస్తారు? కరెంటు పోయినప్పుడు జనరేటర్ మోత, డీజిల్ పొగ టాప్ ఫ్లోర్ వాళ్లు ఎందుకు భరించాలి? అద్దె డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది, అందరి సంతకాలూ తీసుకున్నారా? వీటి మీద పోట్లాడేవాళ్లకు నేను తోడుంటాను. యాంటెన్నా ముందు కొద్ది మీటర్ల లోపల నిలబడకూడదన్నదీ నిజమే, బట్టలు ఆరేసే తీగ అటు కట్టకూడదు. ఇంకా సందేహం ఉంటే తరంగ్ సంచార్ అనే ప్రభుత్వ పోర్టల్లో మన వీధి టవర్ వివరాలు చూడొచ్చు, ఫీజు కట్టి మన ఇంటి దగ్గరే కొలిపించుకోవచ్చు. వాదులాడుకోవడం కన్నా కొలవడం మేలు.

మరి భయపడాల్సిందేమిటి? ఒకటి, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్నం అతినీలలోహిత సూచిక 11 దాటుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్దలో అన్నిటికన్నా పై మెట్టు అది. ఎండలో చుర్రుమనేది ప్రధానంగా పరారుణం, వెలుగు. అతినీలలోహితం తగిలినట్టే తెలియదు, పల్చటి మబ్బు ఉన్నా వస్తూనే ఉంటుంది. మన ఛాయ చర్మాన్ని కొంత కాపాడుతుంది, కంటిని కాదు. శుక్లాలు రావడానికి అది ఒక కారణం. చౌరస్తాలో నిలబడే ట్రాఫిక్ పోలీసుకి, రోడ్డు పక్కన బండి పెట్టుకున్న పండ్లమ్మాయికి, రోజంతా బైక్ మీద తిరిగే డెలివరీ కుర్రాడికి దీని నుంచి రక్షణ ఎవరిస్తున్నారు? వాళ్ల గురించి ఏ అసోసియేషన్ తీర్మానం చేసింది? ఇందులోనే ఇంకో సంగతి. విటమిన్ డి తయారుకావడానికి కావాల్సిన అతినీలలోహితం మామూలు కిటికీ అద్దాన్ని దాటి రాదు. అద్దాల ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని ఎండ తగులుతోందనుకునేవాళ్లకు ఆ ఎండ ఆ పని చేయదు.

రెండోది, అవసరం లేని సీటీ స్కాన్. సీటీ తీసేది ఎక్స్‌రేలతోనే. ఎక్స్‌రే అయనీకరణం చేసే, అంటే ఎలక్ట్రాన్లను పెరికేసే కిరణం, తొడిమ తెంపే రాయి. అయినా ఛాతీ ఎక్స్‌రే మోతాదు 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే ఇలాంటి కిరణాల మోతాదుకి కొలత) లోపే, దాని గురించి బెంగ అక్కర్లేదు. భూమి నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి మనిషికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. మన సిటీ నిలబడిందే గ్రానైట్ రాళ్ల మీద, వాటిలోని పొటాషియం, థోరియం, యురేనియం గామా కిరణాల్ని కొద్దికొద్దిగా విడుస్తూనే ఉంటాయి. వంటింటి గట్టు కూడా. ఆ మోతాదు మరీ చిన్నది, గట్టు పగలగొట్టొద్దు. కానీ కడుపు సీటీ ఒక్కటి దాదాపు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు, అంటే కనీసం ఎనభై, వంద ఛాతీ ఎక్స్‌రేల పెట్టు. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినా, పేగు పగిలిందని అనుమానం ఉన్నా అది ప్రాణం నిలిపే పరీక్ష, ఒక్క నిమిషం ఆలోచించకూడదు. జలుబు చేస్తే ఛాతీ సీటీ, నిరుడు తీసిన ఫిల్ములు ఇంట్లో పడేసి వచ్చామని మళ్లీ కొత్తగా సీటీ, ఇవి వద్దు.

మా పిన్నికి నడుము నొప్పికి ఎమ్మారై రాశారు. రేడియేషన్ ఎక్కువని ఎవరో చెబితే జడిసి, ఎమ్మారై వద్దు, సీటీ అయితే తీయించుకుంటానంది. ఆ మెషిన్ పెద్ద శబ్దం చేస్తుంది, లోపల ఇరుగ్గా ఉంటుంది, కాబట్టి ప్రమాదకరమని జనం నమ్మకం. పక్కన కూర్చుని చెప్పాను. పిన్నీ, ఎమ్మారైలో వాడేది పెద్ద అయస్కాంతం, రేడియో తరంగం. మామూలుగా ఉండే 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మెషిన్‌లో ఆ తరంగం 64 మెగాహెర్ట్జ్, నువ్వు పొద్దున్నే పాటలు వినే ఎఫ్ఎం కన్నా కిందే. ఎక్స్‌రే ఉండేది సీటీలో. ఎమ్మారైలో చూసుకోవాల్సింది లోహం సంగతి. పేస్‌మేకర్ ఉందా, పాత ఆపరేషన్‌లో ప్లేట్లు, క్లిప్పులు వేశారా, ఉంటే టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి. చెవిదిద్దులు, గాజులు, పుస్తెలతాడు తీసి బయట ఇవ్వాలి. పిన్నికి పుస్తెలతాడు తీయడమే అన్నిటికన్నా కష్టమైంది, బాబాయి పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు.